గాజు దగ్గర గుంపు కట్టే అయస్కాంత బ్యాక్టీరియా: బురద సీసా నుంచి వీడియో కొలతల దాకా

బురదనీటి బొట్టు పక్కన ఒక అయస్కాంతం పెట్టి మైక్రోస్కోప్‌లో బొట్టు అంచును చూస్తూ కూర్చోండి. కాసేపటికి చిన్న చిన్న చుక్కలు ఒక్కొక్కటే వచ్చి అంచుకు తగులుకుంటాయి. రెండు మూడు నిమిషాల్లో అక్కడ తోపులాటే. ఇప్పుడు అయస్కాంతాన్ని తిప్పి పెట్టండి. అన్నీ ఒక్కసారిగా వెనుదిరిగి ఎదురు దిక్కుకు పరుగు తీస్తాయి. ఇవే అయస్కాంత బ్యాక్టీరియా. ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టని దృశ్యమది. కానీ ఈ మార్గదర్శి ఇంకో అడుగు ముందుకు వెళ్లడానికి. అయస్కాంత క్షేత్రాన్ని గాజుకు నిలువుగా పెడితే ఇవి గాజును ఆనుకుని గుంపులు కడతాయి. ఆ గుంపులను ఎలా చూడాలి, ఎలా కొలవాలి, కనిపించేది నిజంగా గుంపేనా, మన పొరపాటా అని ఎలా తేల్చుకోవాలి అనేదే ఇక్కడి విషయం.

ముందు ఒక అపోహ తీసేద్దాం

అయస్కాంతం ఈ బ్యాక్టీరియాను లాగదు, తిప్పుతుంది. అంతే. ఈ మాట మనసులో నాటుకుంటే తర్వాతి సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

ఈ జీవుల ఒంట్లో 35 నుంచి 120 నానోమీటర్ల పరిమాణంలో మాగ్నెటైట్ లేదా గ్రెయిగైట్ అనే అయస్కాంత ఇనుప ఖనిజాల స్ఫటికాలు పూసల దండలా వరుసగా ఉంటాయి. ఒక్కో స్ఫటికం చుట్టూ పొర ఉంటుంది. పొరతో సహా ఆ ఒక్కో స్ఫటికాన్ని మాగ్నెటోసోమ్ అంటారు. దండంతా కలిసి ఒక దిక్సూచి ముల్లులా పనిచేస్తుంది. ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయంలో సాల్వటోరే బెల్లీని 1963లోనే ఉత్తరానికి ఈదే బ్యాక్టీరియాను గమనించి రాశాడు గానీ చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1975లో రిచర్డ్ బ్లేక్‌మోర్ మళ్లీ వీటిని గుర్తించి సైన్స్ పత్రికలో ప్రకటించాకే ఈ రంగం మొదలైంది.

ఒక చిన్న లెక్క. బలమైన దండ ఉన్న కణం అయస్కాంత భ్రామకం, అంటే అది ఎంత బలమైన అయస్కాంతమో చెప్పే కొలత, 10⁻¹⁵ ఆంపియర్ చదరపు మీటరు అనుకుందాం. క్షేత్రం మీటరుకు ఒక టెస్లా చొప్పున మారే చోట దాని మీద పడే లాగుడు ఒక ఫెమ్టోన్యూటన్ (10⁻¹⁵ న్యూటన్). అదే కణం సెకనుకు 30 మైక్రోమీటర్ల వేగంతో ఈదడానికి నీటిని నెట్టే బలం సుమారు 300 ఫెమ్టోన్యూటన్లు. అంటే లాగుడు ఈత బలంలో సుమారు మూడువందల వంతే. కానీ తిప్పడం వేరే సంగతి. భూమి క్షేత్రం 50 మైక్రోటెస్లాలే అయినా, ఆ కణాన్ని వరుసలో నిలిపే శక్తి నీటి అణువుల వేడి కుదుపుల కంటే దాదాపు 12 రెట్లు ఎక్కువ. భ్రామకం పదో వంతే ఉన్న బలహీన కణానికైతే ఆ నిష్పత్తి 1.2కు పడిపోతుంది, అది తాగినవాడిలా తూలుతూ పోతుంది. అందుకే మనకు భూమి క్షేత్రం చాలదు, మిల్లీటెస్లా స్థాయిలో కావాలి.

కాబట్టి దిశ అయస్కాంతానిది, పరుగు కణానిది. ఇక ఒక కణానికీ ఇంకో కణానికీ మధ్య నడిచే వ్యవహారమంతా చాలావరకు నీటిది.

మొదటి మెట్టు: బురద

చెరువు, కుంట, నెమ్మదిగా పారే కాలువ, ఏదైనా పనికొస్తుంది. పైపైన ఒక సెంటీమీటరు బురద ముఖ్యం, ఎందుకంటే ఆక్సిజన్ ఉన్న పొరా లేని పొరా కలిసే చోటే వీటి కాపురం. పారదర్శకమైన సీసాలో మూడో వంతు బురద, మిగతా అదే చోటి నీరు పోయండి. మూత వదులుగా పెట్టండి. ఎండ తగలని చోట గది వేడిలో ఉంచి కదపకుండా కొన్ని వారాలు వదిలేయండి. మొదటి రోజే దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. రెండు మూడు వేర్వేరు చోట్ల నుంచి సీసాలు పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

చేతికి తొడుగులు వేసుకోండి. కుళ్లిన గుడ్ల వాసన ఎక్కువగా వస్తే గాలి ఆడే చోట తెరవండి.

ల్యాబ్ కల్చర్ దొరికేవాళ్లకు జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ దగ్గరి నది బురద నుంచి తీసిన ఎంఎస్ఆర్-1, జపాన్‌లో వేరుచేసిన ఏఎంబీ-1 అనే మాగ్నెటోస్పిరిల్లం రకాలు బాగా తెలిసినవే. అయితే ఒక మెలిక ఉంది. కల్చర్‌లో పెరిగినవి తరచుగా క్షేత్ర రేఖ వెంట ముందుకూ వెనక్కూ రెండు వైపులా ఈదుతాయి. గాజు పైపొరకు కొన్ని, కింది పొరకు కొన్ని చేరిపోతాయి. బురదలోని గుండ్రటి రకాలు అలా కాదు, ఒకే దిక్కు పట్టుకుని పోతాయి. మొదటిసారి చేసేవాళ్లకు బురదవే మేలని నా అభిప్రాయం.

రెండో మెట్టు: అయస్కాంతంతో ఏరుకోవడం

సీసా బయట, బురద పైమట్టానికి ఒక సెంటీమీటరు ఎత్తున చిన్న అయస్కాంతాన్ని టేపుతో అంటించండి. ఏ ధ్రువం సీసా వైపు ఉండాలి? ఉత్తరార్ధగోళంలో ఎక్కువ భాగం ఉత్తరాన్ని వెతికే రకాలే. క్షేత్ర రేఖలు అయస్కాంతం దక్షిణ ధ్రువంలోకి వెళ్తాయి కాబట్టి దక్షిణ ధ్రువం సీసా వైపు ఉండాలి. దక్షిణార్ధగోళంలో దీనికి తిరగేసి. అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర రెండు రకాలూ కలిసి ఉంటాయి, అక్కడ ఎదురెదురుగా రెండు అయస్కాంతాలు పెట్టుకోవడమే మంచిది. ధ్రువం మీద అనుమానముంటే దిక్సూచి తెచ్చి చూడండి. ముల్లు ఉత్తర కొన ఎటు అతుక్కుంటే అది దక్షిణ ధ్రువం. అయస్కాంతం మీద వేసిన రంగును నమ్మకండి.

అరగంట నుంచి రెండు మూడు గంటల తర్వాత ఆ చోటు నుంచే సన్నటి డ్రాపర్‌తో నీరు లాగండి. దాన్ని చిన్న గొట్టంలో పోసి, మట్టి కిందికి దిగాక, పక్కన మళ్లీ అయస్కాంతం పెట్టి ఇంకోసారి ఏరండి. ఇలా రెండు మూడు విడతలు చేస్తే చిక్కటి నమూనా వస్తుంది. చిక్కదనం ఇక్కడ హంగు కాదు, అవసరం. గాజు మీద ఒక కణానికీ పక్కదానికీ మధ్య దూరం వాటి ఒంటి పొడవుకు చాలా రెట్లు ఉంటే అవి ఒకదాన్నొకటి పట్టించుకోవు. మీరు గంటసేపు ఖాళీగా చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

మూడో మెట్టు: వేలాడే బొట్టు పరీక్ష

కవర్‌స్లిప్ (పలుచని గాజు బిళ్ల) మీద ఒక బొట్టు వేసి తలకిందులు చేసి, చిన్న రబ్బరు రింగు మీద ఆనించండి. పక్కన అయస్కాంతం పెట్టి 40 రెట్ల ఆబ్జెక్టివ్‌తో బొట్టు అంచు చూడండి. పారదర్శక కణాలను స్పష్టంగా చూపే ఫేజ్ కాంట్రాస్ట్ అమరిక లేకపోతే, స్టేజ్ కింద వెలుతురు వచ్చే రంధ్రాన్ని (కండెన్సర్ డయాఫ్రమ్‌ను) బాగా మూసేస్తే చాలు, కణాలు నల్లగా తేలతాయి.

ఇక్కడే ఒక తనిఖీ చేసుకోవాలి. అయస్కాంతాన్ని తిప్పినప్పుడు చచ్చిన కణం కూడా తిరుగుతుంది, కానీ ఉన్నచోటే తిరుగుతుంది. బతికింది యూ ఆకారంలో మలుపు తిరిగి ఈదుకుంటూ పోతుంది. ఇనుప తుప్పు రేణువులూ అయస్కాంతానికి స్పందిస్తాయి, ఈతగాళ్లతో పోలిస్తే వాటి నడక వికారంగా ఉంటుంది. ఈత కొట్టేవి నిండుగా లేకపోతే తర్వాతి మెట్టుకు వెళ్లకండి, రెండో మెట్టు మళ్లీ చేయండి.

నాలుగో మెట్టు: పలుచని గది

స్లైడ్ మీద రెండు వైపులా అంటుకునే టేపు ముక్కలు రెండు, వాటి మీద కవర్‌స్లిప్. మధ్యలో మిల్లీమీటరులో పదో వంతు ఎత్తుండే సందు ఏర్పడుతుంది. నమూనా ఒక అంచున పెడితే అదే లోపలికి పాకుతుంది. తర్వాత నాలుగు అంచులూ వాజెలిన్‌తో మూసేయండి.

ఈ మూసివేత దగ్గర బద్ధకించకూడదు. అంచు నుంచి నీరు ఆవిరవుతుంటే లోపల ప్రవాహం పుడుతుంది, అది అన్నిటినీ ఒకే వైపు ఈడ్చుకుపోతుంది. మొదట్లో నేను దాన్ని చూసి సామూహిక చలనం దొరికిందని మురిసిపోయాను. కాసేపయ్యాక చూస్తే దుమ్ము కణాలు కూడా అదే వేగంతో అదే దిక్కుకు పోతున్నాయి. ఆ వీడియోలన్నీ చెత్తబుట్టలోకి వెళ్లాయి. అప్పటి నుంచి ప్రతి క్లిప్‌లో ముందు దుమ్మునే చూస్తాను. దుమ్ము కదలకపోతేనే మిగతాది నమ్మాలి.

కణాలు గాజుకు అతుక్కుపోతుంటే గదిని ముందుగా బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసే ఆల్బుమిన్) ప్రోటీన్ ద్రావణంతో కడగండి. మూసిన గదిలో ఆక్సిజన్ తరుగుతూ ఉంటుందని, దాంతో ఈత తీరు మారుతుందని కూడా గుర్తుంచుకోండి. గది మూసిన సమయం రాసుకోండి, పోల్చే వీడియోలన్నీ మూశాక ఒకే సమయం గడిచాక తీయండి.

ఐదో మెట్టు: నిలువు క్షేత్రం

మామూలు మైక్రోస్కోప్ పై నుంచి చూస్తుంది కాబట్టి కణాలు కవర్‌స్లిప్ అడుగుకు చేరాలి. అంటే క్షేత్రం పైకి ఉండాలి. స్టేజ్ కింద ఉత్తర ధ్రువం పైకి ఉండేలా అయస్కాంతం పెడితే ఉత్తరాన్ని వెతికేవి పైకి ఈదుతాయి.

వెలుతురుకు అడ్డు లేకుండా రింగు అయస్కాంతం వాడదామని ఎవరికైనా తోస్తుంది. మంచి ఆలోచనే గానీ అందులో ఒక గుంట ఉంది. రింగు రంధ్రం మధ్యలో క్షేత్రం, దూరంలో ఉండే క్షేత్రానికి సరిగ్గా ఎదురు దిశలో ఉంటుంది. ఆ రెండు చోట్ల మధ్య ఎక్కడో క్షేత్రం సున్నా అవుతుంది. ఆ సున్నా దగ్గర నమూనా పెడితే కణాలు ఏ దిక్కూ లేకుండా తిరుగుతాయి, కొంచెం దగ్గరికి జరిపితే కిందికి పోతాయి, దూరం జరిపితే పైకి. సన్నటి దిక్సూచి ముల్లును గానీ, దారానికి కట్టిన చిన్న అయస్కాంతాన్ని గానీ నమూనా ఉండే ఎత్తున పెట్టి దిశ ముందే చూసుకోండి.

ఇంకాస్త నిలకడగా కావాలంటే హెల్మ్‌హోల్ట్జ్ చుట్టల జత, అంటే కరెంటు పారే ఒకేలాంటి రెండు తీగ చుట్టలు, చుట్టుకోండి. రెండు చుట్టల మధ్య దూరం వాటి వ్యాసార్థానికి సమానంగా ఉండాలి. మధ్యలో క్షేత్రం మైక్రోటెస్లాలలో: 0.9 × ఒక చుట్టలోని మలుపులు × ఆంపియర్లు ÷ మీటర్లలో వ్యాసార్థం. 5 సెంటీమీటర్ల వ్యాసార్థం, 100 మలుపులు, అర ఆంపియర్ అయితే 900 మైక్రోటెస్లాలు, భూమి క్షేత్రానికి సుమారు 18 రెట్లు. చుట్ట వేడెక్కితే నమూనా వేడెక్కుతుంది, దాంతో ఈత వేగం మారుతుంది. అందుకని కరెంటు అవసరమైనంతసేపే ఇవ్వండి. మైక్రోస్కోప్‌లోని ఉక్కు భాగాలు క్షేత్రాన్ని వంకర చేస్తాయి కాబట్టి లెక్కతో ఆగకుండా నమూనా చోట ఒకసారి కొలవడం మంచిది.

బలమైన నియోడిమియం అయస్కాంతాలు వేళ్లను నలిపేస్తాయి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాటికి దూరంగా ఉండాలి.

ఆరో మెట్టు: చూడటం

క్షేత్రం లేనప్పుడు ముందు ఒక నిమిషం వీడియో తీయండి. గాజు పక్కన ఈదే బ్యాక్టీరియా తరచుగా వలయాలు తిరుగుతాయి. కశాభం (ఈదడానికి వాడే సన్నటి తోక) ఒక వైపు, ఒళ్లు ఇంకో వైపు తిరుగుతుండటం, పక్కనే గాజు రాపిడి ఉండటం దీనికి కారణం. ఈ.కోలై విషయంలో ఇది బాగా తెలిసిన సంగతే.

ఇప్పుడు నిలువు క్షేత్రం ఇవ్వండి. పొడుగ్గా కనిపించే కణాలు పొట్టివై చుక్కలవుతాయి, ఎందుకంటే మీరు వాటిని ఇప్పుడు కొన వైపు నుంచి చూస్తున్నారు. గాజుకు తల ఆనించి నిలబడ్డాయి, ఈత మాత్రం ఆపలేదు. కొన్ని క్షణాలు అటూ ఇటూ తడబడతాయి. తర్వాత దగ్గరగా ఉన్న రెండు చుక్కలను ఎంచుకుని వాటినే చూడండి. మెల్లగా ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. మూడోది వచ్చి చేరుతుంది. ఇంకో పక్క నాలుగింటి ముఠా. తర్వాత ముఠాలు ముఠాలతో కలుస్తాయి.

వీటిని కలిపేది అయస్కాంతం కాదు. పక్కపక్కన ఒకే దిశలో నిలబడ్డ రెండు దిక్సూచి ముళ్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ఈ కణాలూ అంతే. దగ్గరకు చేర్చేది నీరు. గాజు అడ్డుపడినా కణం ఈదుతూనే ఉంటుంది, అంటే నీటిని గాజు నుంచి దూరంగా తోస్తూనే ఉంటుంది. అలా వెళ్లిపోయిన నీటి స్థానంలోకి గాజు వెంట నాలుగు వైపుల నుంచీ నీరు వచ్చి చేరాలి. పక్కనున్న కణం ఆ నీటితోపాటు కొట్టుకొస్తుంది. ఇది దానికీ అదే చేస్తుంది. ఇంత చిన్న లోకంలో జడత్వానికి విలువే లేదు, జడత్వానికీ నీటి జిగటకూ ఉన్న నిష్పత్తిని చెప్పే రెనాల్డ్స్ సంఖ్య పదివేలలో ఒక వంతు కంటే తక్కువ. ఈత ఆపిన మరుక్షణమే కణం ఆగిపోతుంది, అది తోసే నీరూ ఆగిపోతుంది. కాబట్టి గుంపు నిలబడాలంటే అందరూ ఎడతెగకుండా గాజును తోస్తూనే ఉండాలి.

అయస్కాంత వికర్షణ శక్తి దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. బలమైన కణాలు రెండు ఒక మైక్రోమీటరు దూరంలో ఉంటే అది వేడి కుదుపుల శక్తికి 20 రెట్లు దాటుతుంది, నాలుగు మైక్రోమీటర్ల దూరంలో ఆ శక్తిలో సగానికి కూడా రాదు. అంటే దూరం నుంచి నీరు పిలుస్తుంది, మరీ దగ్గరకొస్తే అయస్కాంతం అడ్డుకుంటుంది. ఈ రెండింటి లాగులాట వల్ల గుంపు పెరుగుదల కాలానికి లాగరిథమ్‌లా సాగుతుందని 2018లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. అంటే మొదట గబగబా, తర్వాత నత్తనడక. కాబట్టి నిమిషానికొక ఫొటో తీయడం దండగ. 1, 2, 4, 8, 16, 32 నిమిషాలకు తీయండి. కాలాన్ని లాగరిథమ్ స్కేలులో వేస్తే గ్రాఫులో దూరాలు సమంగా వస్తాయి, పెరుగుదల సరళరేఖలా ఉందో లేదో కంటికే తెలుస్తుంది.

క్షేత్రాన్ని కొంచెం వంచి చూడండి. కణాలన్నీ ఒకే పక్కకు వాలి గాజు వెంట జరగడం మొదలుపెడతాయి, గుంపు మొత్తం గుంపుగానే కదులుతుంది. ఒంటరి కణం ఎంత వేగంతో జరుగుతోంది, గుంపు ఎంత వేగంతో జరుగుతోంది అని ఒకే క్లిప్‌లో పోల్చండి. నన్నడిగితే ఈ ప్రయోగం మొత్తంలో ఆసక్తికరమైన కొలత ఇదే.

క్షేత్రాన్ని గాజుకు సమాంతరంగా పెడితే కథ మారిపోతుంది. చిక్కటి నమూనాలో క్షేత్రానికి అడ్డంగా పట్టీలు ఏర్పడటాన్ని 1980లలోనే గమనించి, నీటి బలాలతో వివరించారు. దానికి వేరే గది, వేరే ఓపిక కావాలి, ఇక్కడ వదిలేద్దాం.

ఏడో మెట్టు: ఇది నిజమైన గుంపేనా?

మూడు తనిఖీలు చాలు, మూడూ తప్పనిసరి.

క్షేత్రం తీసేయండి. నీటి వల్ల కట్టిన గుంపు విడిపోతుంది. జిగురు వల్ల అతుక్కున్న ముద్ద విడిపోదు.

క్షేత్రాన్ని తిరగేయండి. అన్నీ గాజు వదిలి కిందికి వెళ్లిపోవాలి. మిగిలిపోయినవి అతుక్కున్నవో, చచ్చినవో. వాటిని లెక్కలోంచి తీసేయండి.

చచ్చిన కణాలతో అదే క్షేత్రంలో చూడండి. నమూనాలో కొంత భాగాన్ని కాసేపు వేడి చేస్తే ఈత ఆగిపోతుంది, దండ మాత్రం అలాగే ఉంటుంది. అవి క్షేత్రానికి వరుసగా నిలబడినా పై గుంపులు కట్టకూడదు.

ఎనిమిదో మెట్టు: కొలతలు

ముందు స్టేజ్ మైక్రోమీటరుతో (సన్నటి కొలత గీతలున్న స్లైడ్‌తో) ఒక పిక్సెల్ ఎన్ని మైక్రోమీటర్లో తేల్చుకోండి. సెకనుకు 30 ఫ్రేముల వీడియో మామూలు రకాలకు చాలు. కానీ సెకనుకు 100 మైక్రోమీటర్లు దాటి దూసుకెళ్లే గుండ్రటి సముద్ర రకాలకు సరిపోదు, ఫ్రేముల మధ్య ఏ చుక్క ఏదో కలిసిపోతుంది. దారులు గీయడానికి ఉచితంగా దొరికే ఇమేజ్‌జె సాఫ్ట్‌వేర్, అందులోని ట్రాక్‌మేట్ బాగా పనిచేస్తాయి.

కణాల భ్రామకం కావాలంటే యూ మలుపు వెడల్పు కొలవండి. క్షేత్రం ఒక్కసారిగా తిరగబడినప్పుడు మలుపు వెడల్పు ఈత వేగానికీ, నీటి స్నిగ్ధతకూ (జిగటకూ), కణ వ్యాసార్థపు ఘనానికీ అనులోమంగా, భ్రామకానికీ క్షేత్రానికీ విలోమంగా ఉంటుంది. ఒక మైక్రోమీటరు వ్యాసార్థంతో, 10⁻¹⁵ భ్రామకంతో, సెకనుకు 30 మైక్రోమీటర్ల వేగంతో పోయే కణానికి ఒక మిల్లీటెస్లాలో మలుపు 2.4 మైక్రోమీటర్లే, కొలవలేం. క్షేత్రాన్ని పదో వంతుకు తగ్గిస్తే 24 మైక్రోమీటర్లు, హాయిగా కొలవచ్చు. అంటే గుంపులకు బలమైన క్షేత్రం, మలుపులకు బలహీనమైనది. మలుపులను గాజుకు దూరంగా, గది మధ్యలో కొలవాలి, గోడ దగ్గర రాపిడి పెరిగి లెక్క తప్పుతుంది.

గుంపు కట్టిందా లేదా అని అంకెల్లో చెప్పడానికి ఆ 2018 పరిశోధనలో వాడిన ఉపాయం నాకు చాలా నచ్చింది: ఫైలును కుదించి చూడటం. చిందరవందరగా ఉన్న చుక్కల చిత్రం బాగా కుదించుకోదు, క్రమం ఉన్నది కుదించుకుంటుంది. మీరూ చేయొచ్చు. ప్రతి కణం స్థానాన్ని ఖాళీ నల్ల చిత్రంలో ఒక తెల్ల పిక్సెల్‌గా పెట్టండి. ఆ చిత్రాన్ని నష్టం లేని పద్ధతిలో, పీఎన్‌జీగానో జిప్‌గానో భద్రపరచి ఫైలు సైజు రాసుకోండి. తర్వాత అన్నే తెల్ల పిక్సెళ్లను యాదృచ్ఛికంగా చల్లిన వంద చిత్రాలు తయారుచేసి వాటి సైజులు చూడండి. మీ చిత్రం సైజు ఆ వందలో అన్నిటికంటే చిన్నదైతే అక్కడ క్రమం ఉన్నట్టే, కంటికి ఇంకా కనిపించకపోయినా సరే. కణాల సంఖ్య వేరుగా ఉన్న రెండు చిత్రాలను నేరుగా పోల్చకండి. చుక్కలు ఎక్కువైతే క్రమం సంగతి ఎలా ఉన్నా సైజు పెరుగుతుంది.

వీడియో పేరులోనే క్షేత్రం బలం, దిశ, గది మూసి ఎన్ని నిమిషాలైంది అన్నవి పెట్టేయండి. నెల తర్వాత ఏ క్లిప్ ఏదో ఎవరికీ గుర్తుండదు.

పని అయ్యాక స్లైడ్లు బ్లీచ్ నీళ్లలో వేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసాను మాత్రం పారేయకండి. ఆవిరైన మేరకు నీళ్లు పోసి మళ్లీ నీడలో పెడితే నెలల తరబడి పనికొస్తుంది. అందులో ఏ రకాలు ఎక్కువగా ఉంటాయో కాలంతో మారుతుంటుంది కాబట్టి ఒకే ప్రయోగానికి సంబంధించిన కొలతలన్నీ కొద్దిరోజుల్లోనే ముగించుకోండి.